తొండకు ఎండ

పక్క ఫ్లాట్ హేమంత్ పేరెత్తితేనే నాకు ఒళ్ళుమంట. రాయదుర్గంలో ఏదో సాఫ్ట్‌వేర్ టీమ్‌కు పెద్ద. ఆ పెద్దరికం చూపించడానికి ఇంట్లో మనుషులు చాల్లేదేమో, ఈ ఎండాకాలం ఎవరో వదిలించుకుంటున్న జంతువును దత్తత తెచ్చుకున్నాడు. మూరెడు పొడవు, గరుకు ఒళ్ళు, గొంతు కింద ముళ్ళ గడ్డం. లిఫ్టులో కనిపించిన ప్రతివాడికీ ఫోటో చూపించి, ‘డ్రాగన్ అండీ, డ్రాగన్’ అని ఒకటే కోతలు.

ఆయన ఇంట్లోనూ మా ఇంట్లోనూ పనిచేసే చంద్రమ్మ దాన్ని చూడగానే తేల్చేసింది.

“ఏంది సార్, గిది తొండ కాదా? మా చేన్ల గట్ల మీద గిసొంటియే ఉంటయి.”

“తొండ కాదు చంద్రమ్మా! బియర్డెడ్ డ్రాగన్. ఆస్ట్రేలియాది. నీకు తెలీదులే.”

ఆస్ట్రేలియా తొండ అని ఒప్పుకుంటే ఆయన సొమ్మేం పోయింది?

చంద్రమ్మది నారాయణపేట వైపు. పదేళ్ళుగా మా తెల్లాపూర్ అపార్ట్‌మెంట్ల గేట్ల చుట్టూనే ఆమె బతుకు. పొద్దున్నే గేటు దగ్గర సంచీ తెరిచి చూపించి లోపలికి రావాలి, వెళ్ళేటప్పుడు మళ్ళీ తెరిచి చూపించాలి. ఐదిళ్ళ అంట్లు, ఐదిళ్ళ తుడుపులు. వాటికి తోడు ఇప్పుడు తొండగారికి ఆకుకూర సన్నగా తరగడం, డబ్బాలో పురుగుల్ని ఒక్కొక్కటీ అందించడం. ఆమె విసుక్కోగా నేనెప్పుడూ వినలేదు.

ఇక హేమంత్ ఘనకార్యం చూడండి. ఆఫీసులో సర్వర్లను ఉంచినట్టు దాన్ని ఇరవై నాలుగు గంటలూ ఏసీ గదిలో ఉంచాడు. గాజు పెట్టెలో వెలగాల్సిన వేడి దీపం ఆర్పేశాడు. హైదరాబాద్ ఎండకు పాపం దానికి ఉక్కపోస్తుందట! వారం తిరక్కుండా దాని గడ్డం నల్లబడింది, కళ్ళు మూసుకుంది, పురుగు ముందు పెట్టినా నోరు తెరవలేదు. రెండు రోజులు ‘రిలాక్స్ అవుతోంది’ అన్నాడు. మూడో రోజు తప్పంతా చంద్రమ్మదైపోయింది. ఆ అరుపులకు నేను తలుపు తీసుకుని బయటికొచ్చాను.

“నువ్వే ఏదో చెత్త తినిపించావ్. దీనికేమన్నా అయితే పనికి రావొద్దు. నీ గురించి అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పెడతా.”

గ్రూపులో పెడితే ఐదిళ్ళూ పోతాయి. చంద్రమ్మ చేతులు జోడించింది.

“దండం పెడత సార్. అది సలికి సచ్చిపోతున్నది. ఎండకు కూసోకుంటె తొండ బతుకుతదా? జర కిందికి తీస్కపోనియ్యండి.”

“నువ్వేమన్నా డాక్టరువా?” అని, అసలు జంతువుల డాక్టర్‌కు ఫోన్ చేశాడు. ఏసీ ఆపమనీ, దీపం వెయ్యమనీ, రోజూ పొద్దుటి ఎండ చూపించమనీ ఆయనా అన్నాడు. అప్పుడు బుర్రకెక్కింది మహానుభావుడికి! చంద్రమ్మకు ఒక్క మంచి మాట చెప్పాడా? చస్తే చెప్పడు. “రేపట్నుంచి నువ్వే తీసుకెళ్ళు,” అన్నాడు.

పది రోజుల తర్వాత వాకింగ్‌కు వెళ్తే కింద మా అపార్ట్‌మెంట్ పార్కు బెంచీ మీద తొండ దర్జాగా ఎండ కాగుతోంది. గడ్డానికి రంగు తిరిగి వచ్చింది. పక్కన చంద్రమ్మ నెత్తిన కొంగు కప్పుకుని నిలబడి ఉంది.

“బోలెడు చోటుంది కదే, కూర్చో.”

“వద్దమ్మా. మొన్న కూసుంటె సెక్యూరిటీ లేపిండు. బోర్డుంది గద.”

చూశాను. ‘పనివాళ్ళు బెంచీల మీద కూర్చోరాదు.’ జంతువుల ఊసు అందులో లేదు. పోయినేడు అసోసియేషన్ మీటింగులో ఆ బోర్డు పెట్టాలని హేమంత్ చెయ్యెత్తి ఓటేశాడు. ఆయన పక్క కుర్చీలో కూర్చుని నేనూ ఎత్తాను.