కొలిచాక తీసిన పిడికెడు

కొత్త బియ్యం బస్తా కుట్టు విప్పగానే వంటింటి నిండా ఒక వాసన కమ్ముకుంటుంది. కొంచెం తవుడు, కొంచెం గోనె, కొంచెం ఎండ కలిసిన వాసన. ఉయ్యూరు వైపు నుంచి మా ఆయన నిన్న తెచ్చిన బస్తా అది. ఈ ఉదయం దాన్ని డబ్బాలోకి పోసుకుంటుంటే హాల్లో ఫోన్ మోగింది. "పాస్టర్ గారు. కన్వెన్షన్ సభలకి క్వాయర్ నువ్వే నేర్పాలంటున్నారు" అంటూ మా ఆయన ఫోన్ పట్టుకుని గుమ్మంలో నిలబడ్డారు. వంట పూర్తయ్యాక నేనే ఫోన్ చేస్తానని చెప్పమన్నాను. గ్లాసుతో ఇంటికి సరిపడా బియ్యం కొలిచి, అందులోంచి ఒక పిడికెడు తీసి గూట్లో ఉన్న రేకు డబ్బాలో వేశాను. ఖాళీ డబ్బా అడుగున గింజలు పడ్డ చప్పుడుకి కరుణమ్మ గారు గుర్తొచ్చారు. ఆవిడ పోయి చాలా కాలమైంది. అయినా ఆ చప్పుడు వింటే ఇప్పటికీ వెనక్కి తిరిగి చూడాలనిపిస్తుంది.

మా చర్చి సంఘంలో ఆడవాళ్ళకు పిడికెడు బియ్యం అని ఒక అలవాటుంది. అన్నం వండబోయే ప్రతిసారీ ఒక పిడికెడు తీసి విడిగా దాచి, ఆదివారం చర్చికి తెచ్చి గంపలో పోస్తారు. అవి దిక్కులేని ముసలివాళ్ళకు వెళతాయి. ఆ గంప ముందు కూర్చునేది కరుణమ్మ గారే. వన్ టౌన్‌లో ఆవిడా, భర్త సుందరరావు గారూ మ్యాచింగ్ సెంటర్ నడిపేవారు. చీర కొంగు చూపిస్తే చాలు, ఆవిడ వెనక్కి తిరక్కుండానే చెయ్యి వెనక్కి చాచి సరైన రంగు జాకెట్టు గుడ్డ లాగేవారు. మనిషి బొద్దుగా ఉండేవారు, నోరు మాత్రం పదును. పెళ్ళై ఈ ఊరొచ్చిన కొత్తలో నేను ఆవిడకి భయపడేదాన్ని.

భయానికి కారణముంది. మొదటి నెలలోనే ఆవిడ చేతికి చిక్కాను. వారమంతా పిడికెడు తీయడం మరచిపోయి, ఆదివారం పొద్దున బస్తాలోంచి నాలుగు గ్లాసులు సంచిలో పోసుకుని గర్వంగా వెళ్ళాను. అందరి సంచుల కన్నా నాదే బరువు. ఆవిడ సంచి చేత్తో ఎత్తి చూసి, "ఏమ్మాయ్, రోజూ తీసినవేనా, బస్తాలోంచి ఎత్తుకొచ్చావా?" అన్నారు. బస్తాలోంచేనండీ, ఎక్కువే తెచ్చానన్నాను. ఆవిడ పకపకా నవ్వారు. "అది చందా అంటారమ్మా. పిడికెడు బియ్యం అంటే మీ ఇంట్లో వాళ్ళ కంచాల్లోకి వెళ్ళాల్సిన వాటిలోంచి తీసేది. ముందు ఇంటికి కొలవాలి. తర్వాతే పిడికెడు." అయినా సంచి గంపలో పోసుకున్నారు. పక్కవాళ్ళంతా నవ్వితే నాకు ఒళ్ళు మండిపోయింది. బియ్యం బియ్యమే కదా, ఎక్కడ నుంచి తీస్తే ఏమిటి అనుకున్నాను.

నేను గవర్నర్‌పేటలో ఒక ప్రైవేటు స్కూల్లో సోషల్ చెప్పేదాన్ని. పాట వచ్చునని క్వాయర్ ఇచ్చారు. టీచర్ని కనుక సండే స్కూల్ ఇచ్చారు. చురుకైనదాన్ని కనుక ఇళ్ళల్లో ప్రార్థన కూడికలు, ఆసుపత్రిలో రోగుల పరామర్శలు కూడా నా మీదే పడ్డాయి. ఎవరేది అడిగినా "అలాగేనండీ" అనేదాన్ని. దేవుడి పనికి కాదనడం పాపమని నా నమ్మకం. అందుకే కరుణమ్మ గారి పద్ధతి నాకు మింగుడుపడేది కాదు. ఒకసారి పెళ్ళిళ్ళ రోజుల్లో మా సంఘంలో ఒకావిడ ఆపరేషన్ అయి ఆసుపత్రిలో ఉంటే, ప్రార్థనకి రమ్మని మధ్యాహ్నం కొట్టుకి వెళ్ళాను. కౌంటర్ ముందు ఆడవాళ్ళు కిక్కిరిసి ఉన్నారు. "సాయంత్రం వస్తాను, నువ్వు ఇంటికెళ్ళు" అన్నారు గుడ్డ కొలుస్తూనే.

"ప్రార్థన అండీ" అన్నాను, ఆవిడకి అర్థం కాలేదేమోనని.

"వినపడింది. ఈ పిల్లకి రేపు పెళ్ళి. జాకెట్టు గుడ్డ ఇవ్వకుండా నేను ప్రార్థనకి పోతే, పాపం ఆ పిల్ల కూర్చుని ఏడవాలి. ఇది మాత్రం ఆయన ఇచ్చిన పని కాదా?"

ఆవిడకి వ్యాపారమే ముఖ్యమని దారి పొడుగునా గొణుక్కున్నాను. సాయంత్రం చెప్పిన వేళకి వచ్చారు. పెద్ద ప్రార్థనేమీ చేయలేదు. రోగి జడ విప్పి, చిక్కు తీసి, నూనె రాసి దువ్వారు. ఆపరేషన్ అయినావిడ కళ్ళు మూసుకుని హాయిగా నిద్రపోయింది. పొద్దుటి నుంచి అరడజను మంది వచ్చి గట్టిగా ప్రార్థించి వెళ్ళినా రాని నిద్ర అది. అయినా నేనేమీ నేర్చుకోలేదు. అప్పట్లో నేర్చుకునే తీరికే లేదు నాకు.

కొన్నేళ్ళకి ఒక డిసెంబరులో నా గొంతు పోయింది. పండక్కి ముందే జరిపే సెమీ క్రిస్మస్‌లు, క్యారల్స్, పిల్లల నాటిక, పైగా స్కూల్లో పరీక్షలు. ఒక సాయంత్రం ప్రాక్టీసులో పై స్వరం ఎత్తబోతే గాలి తప్ప ఏమీ రాలేదు. డాక్టరు చూసి, పూర్తిగా విశ్రాంతి ఇవ్వకపోతే ఈ గొంతు ఇక పాఠాలకీ పాటలకీ కూడా పనికిరాదన్నాడు. నేను ఇంటికొచ్చి మిరియాల పాలు తాగి, ఎలాగైనా పండుగ పొద్దున పాడి తీరాలనుకున్నాను. నిజానికి అప్పటికే పాటంటే విసుగు పుట్టింది. ఆ సంగతి నాకు నేనే ఒప్పుకోలేదు. పాడకపోతే నేనెందుకు దేవుడికి, అన్న భయం ఒక్కటే నన్ను నడిపించేది.

మర్నాడు కరుణమ్మ గారు వచ్చారు. నన్ను పలకరించకుండా నేరుగా వంటింట్లోకి వెళ్ళి గూట్లో రేకు డబ్బా తీసి మూత తెరిచారు. ఒక్క గింజ లేదు. పక్కనే కర్రీ పాయింట్ కవర్లు కుప్పగా ఉన్నాయి. "పొయ్యి వెలిగించి ఎన్నాళ్ళైంది బాబూ?" అని మా ఆయన్ని అడిగారు. "ఆ పిల్లకి తీరిక లేకపోతే నీకు చేతులు లేవా? మా ఆయన రోజూ ఎసరు పెట్టాకే కొట్టుకొస్తాడు. లే, బియ్యం కడుగు." ఆయన లేచి గిన్నె అందుకున్నారు. మా అమ్మాయి నోరు తెరుచుకుని చూస్తూ నిలబడింది.

తర్వాత వచ్చి నా మంచం మీద కూర్చున్నారు. "ఈ క్రిస్మస్‌కి నువ్వు పాడవని పాస్టరు అయ్యగారికి చెప్పొచ్చాను" అన్నారు.

నాకు ఏడుపు, కోపం కలిసి వచ్చాయి. "దేవుడి పని ఆగిపోతుందండీ" అన్నాను, గుసగుసగా.

"ఏం ఆగదు. నువ్వు ఈ ఊరు రాకముందు కూడా ఇక్కడ క్రిస్మస్ వచ్చింది." నా చెయ్యి నిమిరారు. తర్వాత ఎన్నడూ లేనంత మెల్లగా చెప్పారు. "నేనూ నీలాగే తిరిగాను అమ్మాయ్. ఒక ఆదివారం చర్చి గంట వినపడితే ఒళ్ళు మండింది. ఎవరన్నా ఆ గంట ఊడబెరికితే బాగుణ్ణనుకున్నాను. ఆయన పని చేసీ చేసీ, ఆయన పిలుపే పడకుండా పోయింది. ఆ రోజు భయమేసింది నాకు. ఇంటికి కొలవకుండా పిడికెడు ఎక్కణ్ణుంచి తీస్తావు? నువ్వూ ఆ ఇంట్లో మనిషివే. నీక్కూడా కొలుచుకోవాలి."

ఆ మాట వినేసరికి వెక్కి వెక్కి ఏడ్చాను. పాటంటే నాకు విసుగొస్తోందని మొదటిసారి ఒక మనిషికి చెప్పాను. ఆవిడ ఆశ్చర్యపోలేదు. వంటింట్లోంచి అన్నం ఉడికే వాసన వచ్చింది. కొంచెం మాడింది కూడా. ఆ పూట అందరం ఆ మాడు అన్నమే పప్పుతో తిన్నాం.

పండుగ పొద్దున నేను క్వాయర్‌లో కాక, మా అమ్మాయి పక్కన కూర్చున్నాను. నాతో పాడే ఒక చిన్న పిల్ల పాట ఎత్తుకుంది. శ్రుతి కాస్త తప్పినా పాట నిలబడింది. నాకు సంతోషమూ కలిగింది, చురుక్కుమని నొప్పీ కలిగింది. కరుణమ్మ గారు నా డొక్కలో పొడిచి, "బాగానే పాడుతున్నారుగా, కుళ్ళుకోకు" అన్నారు. నవ్వొచ్చింది. మా అమ్మాయి నా ఒళ్ళో తల పెట్టుకుంది. ఏళ్ళ తరబడి పాడిన పాటని ఆ రోజే కుదురుగా విన్నాను.

గొంతు ఎండాకాలానికి తిరిగొచ్చింది, కాస్త బొంగురుగా. స్కూలు ఉద్యోగం నిలిచింది. క్వాయర్ ఉంచుకుని మిగిలినవి ఒక్కొక్కటే వేరేవాళ్ళకి అప్పగించాను. కొంతమంది ముఖాలు ముడుచుకున్నారు. కరుణమ్మ గారు పోయినప్పుడు సమాధి దగ్గర ఆ బొంగురు గొంతుతోనే పాడాను. విసుగు లేకుండా, మనసారా పాడాను. వాళ్ళింటికి వచ్చాక సుందరరావు గారు వాళ్ళ రేకు డబ్బా నా చేతికిచ్చి, "ఆదివారం గంపలో పొయ్యమ్మా" అన్నారు. మూత తీస్తే అడుగున పిడికెడు బియ్యం ఉన్నాయి. ఆవిడ పోయిన రోజు పొద్దున ఇద్దరికీ కొలిచి, అందులోంచి తీసినవి. గంపలో పోశాక డబ్బా వెనక్కి ఇవ్వబోతే, ఉంచుకోమన్నారు. ఇప్పుడు నేను పిడికెడు వేసేది అందులోనే.

ఇవాళ వంట అయ్యాక పాస్టర్ గారికి ఫోన్ చేశాను. మంచి మనిషి, చిన్నవాడు. "కన్వెన్షన్ నా వల్ల కాదండీ. ఆదివారం క్వాయర్ మటుకు నాది" అన్నాను. "ఇంకొక్కసారి ఆలోచించండమ్మా" అన్నారు. ఒకప్పుడైతే ఆ ఒక్క మాటకే లొంగిపోయి అలాగేనండీ అనేసేదాన్ని. ఈసారి మాట మార్చలేదు. ఆయన "సరేనమ్మా" అని పెట్టేశారు. నేను వంటింట్లోకొచ్చి ఆవిడ డబ్బాని గూట్లో సర్దుతుంటే, ఎవరూ అడగకుండానే ఒక పాట నోట్లోకొచ్చింది. హాల్లోంచి మా ఆయన టీవీ గొంతు తగ్గించారు. అన్నం చల్లారుతున్నా, పాట మొత్తం అయ్యేదాకా పాడుకున్నాను.