తపేలా అడుగు మట్టి

అంతరిక్షం నుంచి నౌక దిగడం టీవీలో చూస్తున్నాం. "పైపూత కాలిపోతూ వేడిని పట్టుకుపోతుంది, లోపలివాళ్ళకేం కాదు అమ్మమ్మా," అన్నాడు మనవడు.

యుద్ధం అయిపోయిన ఏడాది, రాజోలులో, నాకు ఏడేళ్ళు. పొయ్యి మీదకెక్కే ఇత్తడి తపేలాకి, వంట మాడకుండా, అడుగున మా నాయనమ్మ బంకమట్టి పూయించేది. అది మురికనుకుని, కొబ్బరిపీచుతో తళతళలాడేలా తోమేశాను. ఆ పూట పరమాన్నం మాడిపోయింది.

"ఎవరే ఈ మట్టంతా గీకేసేరు?" నాయనమ్మ అరిచింది.

మాడింది నా వల్లేనని తెలియక, గొప్పగా నోరు తెరిచాను.

"నేనేనండీ అత్తయ్యగారూ," అంది అమ్మ.

నా పని తనదని చెప్పుకుంటుందేమని అమ్మ మీద ఒళ్ళు మండింది. అంతలోనే నాయనమ్మ చేతిలోని కాలే గరిటె అమ్మ మణికట్టు మీద పడింది. ఆ మచ్చ అమ్మతోనే పోయింది.

నాయనమ్మని ఇప్పటికీ క్షమించలేదు. నన్నూ అంతే.

"అందరూ క్షేమంగా దిగేరు అమ్మమ్మా!" మనవడు చప్పట్లు కొట్టాడు.

"కట్టెయ్ రా ఆ టీవీ," అని కసిరాను.