నాలుగో షట్టరు

ఊరి పెద్ద కాలువ సముద్రంలో కలిసే చోట ఒక చిన్న కాంక్రీటు గది, దాని ముందు నాలుగు ఇనుప షట్టర్లు ఉన్నాయి. పోటు వేళ వాటిని దించాలి, లేకపోతే సముద్రం కాలువలోకి ఎదురెక్కుతుంది. పోటు తగ్గాక ఎత్తాలి, లేకపోతే ఊరి నీరు బయటికి పోదు. పద్నాలుగేళ్లుగా ఆ పని చేస్తున్న ఆమెను అందరూ షట్టరమ్మ అనేవారు. హాజరు పట్టీలో వేరే పేరుండేది. మునిసిపల్ ఆఫీసులో గుమాస్తాను, నాకే అది చప్పున గుర్తొచ్చేది కాదు.

ఆ ఉద్యోగం మొదట ఆమె భర్తది. ఆయన జ్వరంతో పోతే ఈమెకిచ్చారు. ఆడమనిషి షట్టర్లు దించే ఆ చక్రాలేం తిప్పుతుందని ఆఫీసులో నవ్వుకున్నారు, నేనూ నవ్వాను. మొదటి వారం ఆమె అరచేతుల చర్మం లేచిపోయింది. గుడ్డ చుట్టుకుని తిప్పింది గాని ఎవరితోనూ అనలేదు. తరవాత మోటారు బిగించారు. కరెంటు పోతే మాత్రం మళ్లీ చేతులే గతి.

కాలువ వెనకున్న పల్లపు వీధిలో చెల్లెలి కుటుంబంతో కలిసి ఉండేది. చెల్లెలి భర్త ఫ్రిజ్‌లు బాగుచేసేవాడు. ఇంటి ముందుగదే ఆయన షాపు. మనిషి మాటకారి. "మా వదిన చెయ్యి తిప్పితే సముద్రం ఆగుతుంది. మా ఆవిడ కన్నెర్రజేస్తే నేనాగుతాను. ఈ అక్కాచెల్లెళ్ల చేతిలో పడి ఎటూ కదలకుండా అయిపోయాను," అనేవాడు. షట్టరమ్మ నవ్వగా నేను చూసింది ఆయన మాటలకే.

అప్పుడు తీరం రోడ్డు వచ్చింది. అలల తాకిడికి గోడ, గోడ వెనక మూడడుగుల ఎత్తున రోడ్డు, రోడ్డు పక్కన హోటళ్లు. ఏటా కొంచెం కొంచెంగా ముందుకొస్తున్న సముద్రానికి అడ్డుకట్టా అవుతుంది, ఊరికి నాలుగు పనులూ దొరుకుతాయని చెప్పారు. అందులో అబద్ధం లేదు. పల్లపు వీధిలో సగంమంది రోడ్డు కావాలన్నారు. హోటళ్లొస్తే ఫ్రిజ్‌లొస్తాయని షట్టరమ్మ మరిది కూడా కావాలన్నాడు. మిగతావాళ్లు ఇళ్లు పోతాయేమోనని భయపడ్డారు.

బడి హాల్లో ప్రజల అభిప్రాయాలు విన్నారు. రాసుకునే పని నాది. చివర్లో షట్టరమ్మ లేచింది.

"రోడ్డు వద్దనడం లేదు సార్. వేసుకోండి. కానీ పోటు వేళ నేను షట్టర్లు దించేస్తాను గదా. అప్పుడు వాన పడితే ఆ నీళ్లు ఇప్పుడు చిత్తడి నేలలోకి పోతున్నాయి. మీరు దాన్ని పూడ్చి రోడ్డేస్తామంటున్నారు. మరి ఆ నీళ్లెక్కడికి పోవాలి?"

"పంపులు పెడతామమ్మా. రెండు పెద్ద పంపులు," అన్నాడు కమిషనరు.

"ముందు పంపులు పెట్టి తరవాత పూడ్చండి సార్."

హాల్లో ఎవరో నవ్వారు. నేను నా కాగితంలో 'వాననీటి విషయం ఒకరు ప్రస్తావించారు, పరిశీలిస్తామన్నారు' అని రాశాను. ఒక్క ముక్కలో తేల్చేశాను.

రోడ్డు పూర్తయ్యేసరికి ఒక్క పంపే వచ్చింది. రెండోది తరవాతి దశలోకి నెట్టారు. దానికోసం మా ఆఫీసు ఇంజనీరు చాలా పోరాడింది. ఆమె చెడ్డ మనిషి కాదు. ఫైలు పట్టుకుని పైఅధికారుల గదుల చుట్టూ కాళ్లరిగేలా తిరగడం నేను కళ్లారా చూశాను.

రెండేళ్లు ఏ గొడవా లేదు. హోటళ్లు తెరుచుకున్నాయి. మరిది షాపులో ఫ్రిజ్‌లు గుమ్మం దాకా పేరుకున్నాయి.

మూడో ఏడు, ఒక రోజు పొద్దుట మొదలైన వాన మధ్యాహ్నానికీ తెరిపివ్వలేదు. బడులు ముందే వదిలేశారు. ఆ రోజు పెద్ద పోటు మూడూ నలభైకి. షట్టరమ్మ రెండుగంటలకే మూడు షట్టర్లు దించింది. నాలుగోదాని కింద నుంచి నీరు ఇంకా బయటికి పోతోందని దాన్ని వదిలేసింది. రెండున్నరకి కరెంటు పోయింది. ఉన్న ఒక్క పంపూ ఆగిపోయింది. కాసేపటికి నాలుగో షట్టరు దగ్గర నీరు నిలబడి, మెల్లగా లోపలివైపు తిరిగింది. ఆమె ఇంజనీరుకు ఫోను చేసింది. ఆ సమయంలో నేను ఇంజనీరు గదిలోనే ఉన్నాను. స్పీకరు పెట్టి ఉంది.

"నాలుగోది కూడా దించెయ్యండి," అంది ఇంజనీరు.

"దించితే వాన నీళ్లకి దారుండదండి. మా వీధి మునుగుతుంది."

"దించకపోతే కాలువ మలుపు దగ్గర గట్టు పొర్లి ఆసుపత్రిలోకి పోతుందమ్మా. కింది అంతస్తులో కదల్చలేని వాళ్లున్నారు."

అవతల వాన చప్పుడు మధ్య ఆమె, "తెలుసండి," అంది. అప్పుడు టైము రెండూ యాభై.

ఆ వెంటనే ఆమె చెల్లెలికి ఫోను చేసింది. ఇది ఆమె తరవాత నాకు చెప్పింది. "పిల్లను తీసుకుని రోడ్డెక్కెయ్. పది నిమిషాల్లో మూసేస్తున్నా," అంది. చెల్లెలు ఫోను భర్తకిచ్చింది.

"వదినా, జనం ఫ్రిజ్‌లున్నాయి. ఎత్తు మీద పెట్టేసి వస్తా. పదిహేను చెయ్యరాదూ?"

"ఫ్రిజ్‌లు పోతే పోనీ. నువ్వు బయటికి రా."

"పదిహేనంటే పదిహేనే. బేరం కుదిరింది," అని ఆయన ఫోను పెట్టేశాడు.

ఆమె పదిహేను నిమిషాలు ఆగింది. ఆ ఆగిన సేపూ సముద్రం మోకాలెత్తున కాలువలోకి ఎక్కుతూనే ఉంది. మూడూ అయిదుకి చక్రం పట్టుకుంది. చేత్తో పూర్తిగా దించేసరికి మూడూ ఇరవై అయింది.

పల్లపు వీధిలో నీరు అరగంటలో ఛాతీ దాకా వచ్చింది. అందరూ రోడ్డెక్కారు. చెల్లెలు, ఆమె కూతురు ఎక్కారు. మరిది రాలేదు. సాయంత్రం నీరు కొంత తగ్గాక షాపు తలుపు పగలగొట్టారు. తేలిన ఫ్రిజ్ ఒకటి తలుపుకు అడ్డంగా పడి ఉంది. తలుపు లోపలికి తెరుచుకునేది. దాని వెనకే ఆయన దొరికాడు.

అప్పటికి షట్టరమ్మ షట్టర్ల దగ్గరే ఉంది. నీరు తియ్యాలంటే వాటిని ఎత్తే మనిషి ఉండాలి గదా. ఒకాయన వచ్చి చెప్పి వెళ్లాడు. నాలుగూ ఎత్తేదాకా ఆమె కదల్లేదు.

విచారణ జరిగింది. ఆమె చిట్టాలో ఉన్నదున్నట్టు రాసింది: ఆదేశం రెండూ యాభైకి, దించడం మొదలుపెట్టింది మూడూ అయిదుకి. ఆ పదిహేను నిమిషాల్లో ఆసుపత్రి మందుల గదిలోకి నీరొచ్చింది. ఎందుకు ఆలస్యం చేశారని ఆఫీసు మెమో ఇచ్చింది. ఎందుకు మూశావని వీధి నిలదీసింది. మెమో టైపు చేసింది నేనే. ఇవ్వడానికి వెళితే నిలబడే చదివి, "నిజమే రాశారు," అని సంతకం పెట్టింది.

రెండో పంపు ఆరు నెలల్లో వచ్చేసింది. నిపుణులొచ్చి, వాన నీరు నిలవడానికి చోటు తప్పనిసరి అని తేల్చారు. రోడ్డునీ హోటళ్లనీ తీసెయ్యలేరు. మిగిలింది పల్లపు వీధి. అక్కడివాళ్లందరికీ ఊరికి దూరంగా మెట్టమీద మూడంతస్తుల ఇళ్లు కట్టించారు. వీధిని తవ్వి చెరువు చేశారు. ఇప్పుడు ఎంత వాన పడినా ఊరు మునగడం లేదు. చూడటానికి వేరే ఊళ్లవాళ్లు కూడా వస్తుంటారు.

చెల్లెలు ఏడాదిపాటు ఆమెతో మాట్లాడలేదు. షట్టరమ్మ కాలువ దగ్గరే ఓ అద్దె గదిలో దిగింది. చివరికి ఒక రోజు తనే మెట్టమీది ఇంటికి వెళ్లింది. చెల్లెలు తలుపు తీసింది గాని లోపలికి రమ్మనలేదు.

"నీ తప్పేం లేదక్కా. నాకు తెలుసు," అందట. "కానీ ఆ చక్రం దగ్గర నేనుంటే, ఆయన బయటికొచ్చేదాకా దించేదాన్ని కాదు. ఊరంతా మునిగినా సరే. నువ్వు దించావు. అందుకే నిన్ను చూడలేకపోతున్నా."

"నేను కూడా వస్తాడనే అనుకున్నానే."

"అనుకున్నావు. చూసి రాలేదు గదా."

ఇది చెప్పేటప్పుడు షట్టరమ్మ గొంతు మామూలుగానే ఉంది. చెల్లెలి మాటే సబబని ఆమె అభిప్రాయమట.

పోయిన నెల ఆమె ఒక కాగితం రాసుకుని ఆఫీసుకొచ్చింది. తనవాళ్లు పల్లంలో ఉన్న మనిషిని షట్టర్ల పనిలో పెట్టవద్దని, ఇప్పటినుంచీ అది నియమంగా ఉండాలని అందులో ఉంది. ఇంజనీరు రెండుసార్లు చదివింది. సిబ్బంది జాబితా తెప్పించింది. నేను పక్కన నిలబడి ఒక్కొక్కరి చిరునామా చదివాను. పదకొండు మందిలో ఎనిమిదిమంది రోడ్డుకి కిందే, పల్లంలో మిగిలిన వీధుల్లో ఉంటున్నారు. మిగిలిన ముగ్గురి అమ్మానాన్నలో, అత్తమామలో అక్కడే ఉంటారు.

"ఎవరిని పెట్టమంటారమ్మా?" అంది ఇంజనీరు.

షట్టరమ్మ తను రాసుకొచ్చిన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి వెనక్కి తీసుకుంది. పోటుకు టైమవుతోందని చెప్పి వెళ్లిపోయింది.