ఆలస్యాల పుస్తకం

రెండు వేల సంవత్సరంలో అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సులకు వచ్చే ఆడపిల్లలకు హాస్టల్ నడిపేదాన్ని. మొత్తం ముప్ఫై ఆరుగురు. వంటమనిషి యాదమ్మ ఎప్పుడు ఆలస్యంగా వచ్చినా తేదీ, నిమిషాలతో సహా ఒక పుస్తకంలో రాసేదాన్ని.

ఒక సోమవారం ఉదయం ఆరున్నరకు ఆమె పొయ్యి వెలిగించకుండా కూర్చుంది. వారానికొక రోజు సెలవు ఇస్తేనే లేస్తానంది. పిల్లలు ఖాళీ టిఫిన్ బాక్సులతో నిలబడి చూస్తున్నారు.

"ఈ ఏడాది పదకొండుసార్లు ఆలస్యంగా వచ్చావు. చదవమంటావా?" అన్నాను.

"సదువుండ్రి అమ్మా, పిల్లలందరు ఇననీ. గట్లనే నేను రాని దినాలు సుత సదువుండ్రి."

పుస్తకం చివరిదాకా తిప్పాను. రాని రోజు ఒక్కటీ లేదు. జ్వరం వచ్చిన రోజు కూడా 'పావుగంట ఆలస్యం' అని ఉంది.

"మా క్లాసులకైనా ఆదివారం సెలవుంటుంది ఆంటీ" అంది వెనక నుంచి ఒక పిల్ల. నాకు తల కొట్టేసినట్టయింది.

"ఆదివారం రావద్దులే. వంట నేను చేస్తాను" అన్నాను.

"ఉప్పు జర సూసుకోండ్రి" అంటూ యాదమ్మ పొయ్యి వెలిగించింది.

నా లెక్కలో తప్పు లేదు కానీ, ఒక వైపే రాశానని ఆ రోజే తెలిసింది. ఆదివారం నా ఉప్మా ఇరవై నిమిషాలు ఆలస్యమైంది. అదీ ఆ పుస్తకంలోనే, నా పేరు మీద రాసుకున్నాను.