ఎండిపోని నీళ్ళు

ఉదయం ఆరుంపావుకు వీధి కొళాయిలో నీళ్ళు వచ్చాయి. వారంగా రానివి, మేము సముద్రం చూడ్డానికి బయలుదేరిన రోజే వచ్చాయి. బెంగళూరు బస్సుకు టైమవుతోందని ఆటో హారన్ కొడుతున్నా నాయన కదలలేదు. తాళం వేసి పోతున్న ఇంట్లో బిందెలన్నీ నింపి, మూతలు పెట్టి, అప్పుడు అమ్మను చంకలో పెట్టుకుని ఆటో ఎక్కాడు. అమ్మ అప్పటికి చిన్న రాగి చెంబులో, గుడ్డ కట్టిన మూత కింద ఉంది.

అస్థికలు ఏట్లో కలపాలి. మా ఏట్లో ఇసుక, ముళ్ళకంప ఉంటాయి. గుంత తవ్వి, ట్యాంకరు నీళ్ళు పోసి, గంగ అనుకోమంటారు. ఈ సౌకర్యం అమ్మకు నచ్చలేదు. మంచం పట్టినప్పుడు టీవీలో ఒక దీవి చూసింది. పడవలో తప్ప పోలేని చోటు. రంగు చేపలు, పగడాలు, వాటికి సర్కారు కాపలా. "తాగేదానికి పనికిరాని నీళ్ళకు ఇంత కాపలానా!" అని నవ్వి, "నన్ను ఆడ కలపండి. ఎండిపోతాయనే భయముండదు" అన్నది. తమాషాకు అన్నదేమో. నాయనకు తమాషాలు అర్థం కావు.

బెంగళూరులో విమానమెక్కి, సముద్రం దాటి, ఆ దీవికి పోయే పడవ ఎక్కాం. పడవ అడుగున అద్దం ఉంది. నడిపేవాడు శ్రీకాకుళం నుంచి వచ్చి అక్కడ స్థిరపడినవాడు. అందరూ చేపలను చూసి కేకలు వేస్తుంటే నాయన అతన్ని అడిగాడు:

"ఈడ ఎన్ని అడుగులకు పడినాయప్పా నీళ్ళు?"

"బోరు కాదు తాతా, సముద్రం."

"సముద్రమైతే అడుగులుండవా?"

మా వైపు నీళ్ళంటే లోతు. పైన కనిపించేవి లెక్కలోకి రావు.

నాయన చెంబు గుడ్డ విప్పాడు. పడవవాడు చెయ్యి పట్టుకున్నాడు.

"ఏటి తాతా అది?"

"మా ఇంటామె."

"ఇక్కడ చిటికెడు కూడా కలపకూడదు. చేపల కోసం సర్కారు పెట్టిన పార్కు ఇది. నా లైసెన్సు పోద్ది."

"బూడిదప్పా. చేపలకేం నొప్పి?"

"రూల్సు తాతా."

చట్టం ఇంత చక్కగా అమలు కావడం చూసి గర్వపడ్డాను. మా ఏటి ఇసుక లారీలకెక్కినప్పుడు అడ్డుపడిన చెయ్యి ఒక్కటీ కనబడలేదు.

నాయన వేలు ముంచి నాలుకకు తాకించి, ఉమ్మేశాడు. ఉమ్మికి నిషేధం లేదేమో, ఎవరూ ఏమీ అనలేదు.

"ఈ ఉప్పునీళ్ళలో ఆమెకు ఏ పప్పు ఉడుకుతుంది? ఇంటికి పోదాం పా."

బియ్యం కడిగిన నీళ్ళు, గ్లాసు అడుగున మిగిలినవి అమ్మ ఎన్నడూ పారబోయలేదు. అన్నీ పెరట్లో కరివేపాకు చెట్టుకే. ఏ కరువులోనూ అది ఎండలేదు. నాయన దాని మొదట్లో తవ్వి చెంబు వంచాడు. బయలుదేరే ముందు నింపిన బిందెల్లో ఒకటి తెచ్చి పోశాడు. శాస్త్రం ఏమంటుందో ఎవరినీ అడగలేదు.

కరివేపాకు ఇప్పుడు అంగట్లో కొంటున్నాం. ఆ చెట్టు ఆకు తెంపడం లేదు.