ఎప్పుడు చేసినా ఎంగేజే

నిన్నటి నుంచి మా ఇంట్లో వైఫై పెట్టె మీద ఎర్ర లైటు ఆరనంటోంది. కంపెనీకి ఫోను చేస్తే ఎవరో అమ్మాయి స్విచ్చి తీసి మళ్లీ వెయ్యండి సార్ అంటుంది. తీశాను, వేశాను, మళ్లీ తీశాను, ఇక నావల్ల కాదు బాబూ. ఈ తీయడాలూ వేయడాలూ మన వయసువాళ్లకి కొత్తవా ఏమిటి, ఫోను తీగలోంచి ఇంటర్నెట్టు వచ్చే రోజుల్లో ఆ మోడెం కీచురవాలకి చెవులప్పగించి ఎన్ని సాయంత్రాలు కూర్చోలేదు!

అప్పట్లో నేను టీచరుగా పూండికి దగ్గర్లో, సముద్రం ఒడ్డున మా సొంత ఊళ్లోనే పనిచేసేవాణ్ణి. మాది చేపల వేటకెళ్లే కుటుంబం. ఊళ్లో సగంమంది మగవాళ్లలాగే మా బావ కూడా ఏటా గుజరాత్ బోట్ల మీదికి పోయేవాడు, తిరిగొచ్చేదాకా మా అక్క మా ఇంట్లోనే ఉండేది. బోటు ఒడ్డుకి చేరినప్పుడు ఆయన అక్కడి బూత్ నుంచి మా ఇంటికి ఫోను చేయాలి, అది ఏ రోజో చెప్పలేం. ఫోను ముందుగదిలో ఉంటే, అదే లైనుకి తగిలించిన ఇంకో ఫోను వంటింట్లో ఉండేది.

ఆ ఏడే పలాసలో కంప్యూటరు కొని అదే తీగకి తగిలించాను. కొన్న ఘడియ ఎలాంటిదో గానీ, నెట్టు ఇలా తగులుకుని అలా తెగిపోయేది. దుమ్ము ఊదాను, తీగలు పీకి పెట్టాను, సాఫ్ట్‌వేరంతా చెరిపి మళ్లీ ఎక్కించాను. టెలిఫోను వాళ్లు కంప్యూటర్‌దే తప్పన్నారు, అమ్మిన షాపాయన లైనుదే తప్పన్నాడు. ఆయన పలాస నుంచి బస్సెక్కి వచ్చి, అక్క పెట్టిచ్చిన టీ తాగుతూ చూస్తున్నంతసేపూ అది బుద్ధిమంతురాలిలా పనిచేసి, ఆయన వీధి మలుపు తిరిగాక మళ్లీ మొదటికొచ్చింది. నాకు ఏడుపొక్కటే తక్కువ.

అలాంటి రోజుల్లో పడమటి సముద్రంలో తుఫానని, బోట్లు కొన్ని ఇంకా ఒడ్డుకి రాలేదని పొద్దున్నే రేడియోలో విన్నాం. అక్క పచ్చి మంచినీళ్లు ముట్టలేదు. బావ ఉన్న రేవు సంగతి నెట్టులో ఏమైనా దొరుకుతుందేమోనని నేను కంప్యూటరు ముందు కూర్చున్నాను, అది పట్టుకోవడం, జారిపోవడం, పట్టుకోవడం, జారిపోవడం. మధ్యాహ్నానికి విసుగెత్తి, దాహమేసి వంటింట్లోకి వెళ్తే, అక్క ఒక చేత్తో బియ్యం కడుగుతూ రెండో చేత్తో ఫోనెత్తి చెవిదగ్గర పెట్టుకుని, చప్పున పెట్టేస్తోంది.

ఏటి సేత్తన్నావే అని అరిచాను. లైను బతికుందో సచ్చిందో రోజూ సూత్తన్నట్టే సూత్తన్నానురా, ఎత్తగానే కూత వినబడితే నా పేనం కుదుటపడతాది, పొద్దుటేల నుండి ఎత్తినప్పుడల్లా కూతకి బదులు ఏదో పాడు అరుపు వినబడతంటే గుండె ఆగినంత పనవుతంది, అంది.

ఆ పాడు అరుపు నాదే. ఆమె ఎత్తినప్పుడల్లా నా నెట్టు తెగేది, నా నెట్టు అరిచినప్పుడల్లా ఆమె భయపడి మళ్లీ ఎత్తేది. షాపాయన ఉన్నంతసేపూ టీ మర్యాదల్లో పడి కాబోలు ఆమె ఫోను ముట్టుకోలేదు. కోపం చెయ్యడానికి కూడా ఓపిక లేక, పోయి కంప్యూటరు తీగ పీకేశాను. ఎసరు మరిగే లోపల ఫోను మోగింది, అక్క ఎత్తింది.

బావే. తాను బతికున్నానని చెప్పలేదు, మీరెలా ఉన్నారని అడగలేదు. “పొద్దుటేల నుండి ఎవుల్తో మాట్లాడతన్నారే? ఎప్పుడు సేసినా ఎంగేజే!” అని కేకలేశాడు. అక్క అంతకు రెండింతలు తిట్టి, తిడుతూనే ఏడ్చింది.

తరవాత మా ఉద్దానం ప్రాంతంలో ఎంతోమందిని తీసుకుపోయిన కిడ్నీ జబ్బే అక్కనీ తీసుకుపోయింది. బావ వేట మానేసి మా ఇంట్లోనే ఉంటున్నాడు. జేబుకొక ఫోనుంది, ఇంట్లోవాళ్లమంతా ఒకేసారి మాట్లాడుకున్నా ఎవరి లైనూ తెగదు, కానీ ఈ ఫోన్లకి ఆ కూత మాత్రం లేదు, ఊరికే చెవిదగ్గర పెట్టుకుంటే ఏమీ వినబడదు.

ఇందాక నేను ఆ ఎర్ర లైటుతో కుస్తీ పడుతుంటే, బావ మంచం మీద నుంచి కాసేపు చూసి, పోన్లే బామ్మర్దీ, మనం ఎంగేజులో ఉంటే కేకలేసే వోళ్లెవులున్నారు, అని అటు తిరిగి పడుకున్నాడు. నేను స్విచ్చి తీసేసి, మళ్లీ వెయ్యలేదు.