చివరి పేజీ నుంచి

కొత్త నోటుపుస్తకం జిగురు వాసన తగిలిందంటే నా చెయ్యి దానంతట అదే చివరి పేజీ తెరుస్తుంది. నిన్న మనవరాలు పకపకా నవ్వింది. "అటు కాదు తాతా!" అది నవ్వింది గానీ, ఈ చెయ్యే ఒకప్పుడు నా ఉద్యోగానికి ఎసరు పెట్టబోయింది.

నిజాం పాలన పోయిన మరుసటేడు నేను సూర్యాపేట కచేరీలో గుమాస్తాను. చదివిందంతా ఉర్దూ; దాన్ని కుడి నుంచి ఎడమకు రాస్తారు, పుస్తకం మన చివరి పేజీతో మొదలవుతుంది. ఇకపై కాగితాలు ఇంగ్లీషులో నడుస్తాయి, పరీక్ష తప్పినవాడు ఇంటికే అన్నారు. ఇంట్లో అమ్మ, కడుపుతో ఉన్న భార్య. ఏం చేయను! ఇరవై నాలుగేళ్ల వయసులో వెళ్లి, మా వీధి చివర ఉండే మార్తమ్మ టీచరమ్మ ముందు కూర్చున్నాను. మిషన్ బడిలో పాఠాలు చెప్పి చెప్పి గొంతు బొంగురుపోయిన మనిషి ఆమె.

"నాతోని కాదు టీచరమ్మా. మాటలు యాదికుంటలెవ్వు."

"బేకార్, గైర్‌హాజర్, నాలాయక్. ఇవి బట్టీ పట్టినవా బిడ్డా?"

"లేదు. నాలాయక్ అని మా నాయన రోజూ పిలుస్తుండె."

ఆమె కడుపుబ్బ నవ్వింది. "ముందటి బే, గైర్, నా అంటే లేదు, కాదు అనుడే. అవి తీసి పక్కన పెట్టు. మిగిలింది నీకు ఎరుకే. ఇంగ్లీషు ఎరువు తెచ్చుకున్న లాటిన్ మాటలు గూడ గంతే. పోర్ట్ అంటే మోసుడు, మిట్ అంటే పంపుడు. ఇం అంటే లోపలికి, ఎక్స్ అంటే బయటికి, ట్రాన్స్ అంటే ఈడికెళ్లి ఆడికి."

నా ఉర్దూ ఇక ఎందుకూ కొరగాదని లోలోపల కుమిలిపోతున్న రోజులవి. ఆమె దాని చెయ్యి పట్టించే నన్ను ఇంగ్లీషులోకి నడిపించింది. అలవాటు కొద్దీ నేను పుస్తకం వెనక నుంచి తెరిచినా కసురుకోలేదు. "అలవాటు ఒక్కనాడు పోదు. రాసేముందు పేజీకి నంబరెయ్యి" అంది. రోజూ ముందుగా ఆ నంబర్లే చూసేది. ఏం చాదస్తమని విసుక్కునేవాణ్ణి.

పరీక్ష మిర్యాలగూడలో. ట్రాన్స్‌మిట్ అన్న మాట ఎన్నడూ చూడలేదు. మిట్ అంటే పంపుడని ఆమె చెప్పింది కదా! విడదీసి చూస్తే అర్థం దొరికింది. సంబరంగా జవాబుల పుస్తకం ఇవ్వబోతే అక్కడి అధికారి తిరగేసి చూసి, "ఇదేంటండీ, వెనక నుంచి రాశారు?" అన్నాడు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. బస్సు దిగి నేరుగా ఆమె ఇంటికే పరుగెత్తాను.

"అంతా ఖతం టీచరమ్మా. ఎనక నుంచి రాసొచ్చిన."

"నంబర్లేసినవా?"

"ఏసిన."

"మరి పరేషాన్ ఎందుకు? సదివేటోనికి ఒకట్లు రెండ్లు రావా?"

ఆ మాటతో నాకేం ధైర్యం రాలేదు. నెల తర్వాత కవరు వస్తే, విప్పలేక ఆమె చేతిలో పెట్టాను. "నువ్వే సదువు" అని తిరిగి ఇచ్చేసింది. చదివాను. పాసయ్యాను. ఆమె గడప మీదే కూలబడి వెక్కి వెక్కి ఏడ్చాను.

"ఏడుసుడు అయినంక చెప్పు, చాయ్ పెడత" అని ఆమె లోపలికి పోయింది.

నిన్న మనవరాలి పుస్తకం సరైన వైపుకు తిప్పి, పేజీలన్నిటికీ నంబర్లు వేసి ఇచ్చాను. "ఏం చాదస్తం తాతా!" అంది. అననీ.